భారత జాతీయ కాంగ్రెసు అధ్యక్ష ఎన్నిక

భారత జాతీయ కాంగ్రెసు అధ్యక్ష ఎన్నిక అనేది భారత జాతీయ కాంగ్రెసు పార్టీ తన అధ్యక్షుణ్ణి ఎన్నుకొనడానికి జరుపుకొనే ఆంతరంగిక ఎన్నిక. సాధారణ ఎన్నికలలో వలె దీనిలో ప్రజలు గాని, పార్టీ సాధారణ సభ్యులు గాని ఓటు వేయరు. వివిధ రాష్ట్రాల నుండి ఎన్నికైన ప్రతినిధులు మాత్రమే ఓటర్లు. 1885లో స్థాపితమైన ఈ సంస్థ చరిత్రలో అధ్యక్షులు ఎక్కువసార్లు ఏకగ్రీవంగానే ఎన్నికయ్యారు. పోటీ జరిగి ఓట్లు లెక్కించిన సందర్భాలు కొద్దిగానే ఉన్నాయి. వాటిలో 1939, 1948, 1950, 1977, 1997, 2000, 2022 సంవత్సరాల ఎన్నికలు ముఖ్యమైనవి.

ఈ ఎన్నికలలో ఓటింగు కంటే ముందు జరిగే అభ్యర్థి ఎంపికే ఎక్కువ వివాదాలకు కారణమైంది. అభ్యర్థిని పెద్దలు సంప్రదింపులతో నిర్ణయించాలా, లేక ప్రతినిధులు పోటీ ద్వారా తేల్చుకోవాలా అన్న ప్రశ్న సంస్థ తొలినాళ్ళ నుండీ ఉన్నదే. ఆంధ్రదేశానికి చెందిన భోగరాజు పట్టాభి సీతారామయ్య ఈ వివాదాలలోకెల్లా ప్రసిద్ధమైన 1939 ఎన్నికలో ఓడిన అభ్యర్థి, 1948 ఎన్నికలో గెలిచిన అభ్యర్థి కూడా.

ఎన్నిక విధానం

పార్టీ నియమావళి ప్రకారం అధ్యక్ష ఎన్నికలో ఓటు హక్కు ప్రదేశ్ కాంగ్రెసు సంఘాల సభ్యులకు ఉంటుంది. వీరినే ప్రతినిధులు లేక డెలిగేట్లు అంటారు. వీరిలో అధిక భాగం బ్లాకు కాంగ్రెసు సంఘాల నుండి ఎన్నికై వచ్చేవారు. అందువలన బ్లాకు స్థాయిలో ఎవరు ఎన్నికవుతారన్నదే అధ్యక్ష ఎన్నికకు పునాది.

ఎన్నికను పార్టీ కేంద్ర ఎన్నికల ప్రాధికార సంస్థ నిర్వహిస్తుంది. ఎన్నిక క్రమం స్థూలంగా ఇలా ఉంటుంది.

* ప్రతిపాదన: పదిమంది ప్రతినిధులు కలిసి మరొక ప్రతినిధి పేరును అధ్యక్ష పదవికి ప్రతిపాదించవచ్చు. ప్రతిపాదన పత్రాలు నిర్ణీత తేదీలోగా రిటర్నింగు అధికారికి చేరాలి.
* ఉపసంహరణ: పేర్లు ప్రకటించిన తరువాత పోటీ నుండి తప్పుకొనదలచినవారికి ఏడు రోజుల గడువు ఉంటుంది.
* ఏకగ్రీవం: గడువు ముగిసేసరికి ఒక్కరే మిగిలితే ఆ వ్యక్తి ఎన్నికైనట్లు ప్రకటిస్తారు. ఇక ఓటింగు ఉండదు.
* ఓటింగు: ఇద్దరు గాని అంతకంటే ఎక్కువమంది గాని మిగిలితే రాష్ట్రాలలో పోలింగు కేంద్రాలు ఏర్పాటు చేసి రహస్య ఓటు ద్వారా ఎన్నిక జరుపుతారు.
* లెక్కింపు: ఇద్దరికంటే ఎక్కువమంది అభ్యర్థులు ఉన్నప్పుడు ఓటరు తన ప్రాధాన్యాలను 1, 2 అంకెలతో సూచించాలి. కనీసం రెండు ప్రాధాన్యాలు సూచించని ఓటు చెల్లదు. మొదటి ప్రాధాన్య ఓట్లలో సగానికి మించి వచ్చినవారు గెలుస్తారు. ఎవరికీ రాకపోతే అందరికంటే తక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థిని తొలగించి, ఆ ఓట్లను రెండవ ప్రాధాన్యం ప్రకారం మిగిలినవారికి కలుపుతారు.

పదవి మధ్యలో ఖాళీ అయితే కార్యవర్గం తాత్కాలిక అధ్యక్షుణ్ణి నియమిస్తుంది. ఈ ఏర్పాటు స్వల్పకాలానికి ఉద్దేశించినదే అయినా, అనేక సందర్భాలలో తాత్కాలిక నియామకమే తరువాతి అధ్యక్షుడెవరో నిర్ణయించింది. 2010లో నియమావళిని సవరించి సంస్థాగత పదవుల కాలాన్ని ఐదేళ్ళకు పెంచారు.

చరిత్ర

తొలి సంవత్సరాలు

1885 డిసెంబరులో బొంబాయిలో జరిగిన మొదటి మహాసభకు 72 మంది ప్రతినిధులు హాజరయ్యారు. ఉమేశ్ చంద్ర బెనర్జీ అధ్యక్షుడు. ఆనాడు అధ్యక్ష పదవి ఏడాదిపాటు సంస్థను నడిపే పదవి కాదు. వార్షిక మహాసభకు అధ్యక్షత వహించడమే అందులో ప్రధానం. మహాసభ జరిగే పట్టణంలోని ఆహ్వాన సంఘం ముఖ్య నాయకులతో సంప్రదించి ఒక పేరును నిర్ణయించేది. సభలో ఆ పేరును ప్రతిపాదించి, బలపరచి, కరతాళధ్వనులతో ఆమోదించేవారు. 1891 నాగపూరు మహాసభకు అధ్యక్షత వహించిన పనప్పాకం ఆనందాచార్యులు ఈ విధంగానే ఎన్నికైన తొలి తెలుగువాడు.

సూరత్ మహాసభ (1907)

మితవాదులు, అతివాదులు అన్న రెండు వర్గాలు ఏర్పడిన తరువాత ఈ పద్ధతికి మొదటి పరీక్ష ఎదురైంది. 1906 కలకత్తా మహాసభకు బాలగంగాధర తిలక్‌ను అధ్యక్షునిగా చేయాలని అతివాదులు కోరారు. ఉభయులూ కాదనలేని వృద్ధనాయకుడు దాదాభాయి నౌరోజీని పిలిపించి మితవాదులు ఆ ఏడాదికి పోటీని తప్పించారు. మరుసటి సంవత్సరం అటువంటి పేరు దొరకలేదు. మహాసభ వేదికను నాగపూరు నుండి సూరత్‌కు మార్చారు. అతివాదులు లాలా లజపతిరాయ్ పేరును ముందుకు తెచ్చారు. ఆయన అంగీకరించలేదు. మితవాదులు రాస్ బిహారీ ఘోష్‌ను నిర్ణయించారు. 1907 డిసెంబరులో సభ ప్రారంభం కాగానే గందరగోళం చెలరేగి, వేదికపైకి చెప్పు విసరడం వరకు వెళ్ళింది. సంస్థ రెండుగా చీలింది. ఈ చీలిక 1916 లక్నో మహాసభ వరకు మానలేదు. ఎంపికకు స్పష్టమైన నిబంధనలు లేకపోవడం వలన కలిగే నష్టాన్ని గుర్తించి 1908లో సంస్థకు నియమావళి ఏర్పరచారు. రాష్ట్ర సంఘాలు పేర్లు సూచించే పద్ధతి అప్పటినుండి స్థిరపడింది.

1920 నుండి 1934 వరకు

1920 నాగపూరు మహాసభ గాంధీ నాయకత్వంలో నియమావళిని తిరగరాసింది. రాష్ట్ర సంఘాలను భాషల ప్రాతిపదికన ఏర్పరచారు. ఆంధ్ర ప్రాంతానికి అంతకుముందే, 1918లో, ప్రత్యేక సంఘం ఏర్పడింది. దాని కోసం కృషి చేసినవారిలో పట్టాభి సీతారామయ్య ముఖ్యుడు.

1929లో జరిగిన ఎంపిక రాష్ట్రాల సూచనకు, తుది నిర్ణయానికి మధ్య గల దూరాన్ని తెలుపుతుంది. ఆ ఏడు లాహోరు మహాసభకు 10 రాష్ట్ర సంఘాలు గాంధీ పేరును, 5 వల్లభభాయి పటేల్ పేరును, 3 జవహర్లాల్ నెహ్రూ పేరును సూచించాయి. గాంధీ నిరాకరించి నెహ్రూ పేరును సూచించాడు. పటేల్ తప్పుకున్నాడు. సెప్టెంబరులో లక్నోలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘం నెహ్రూను ఎన్నుకున్నది. ఆ మహాసభలోనే సంపూర్ణ స్వరాజ్య తీర్మానం ఆమోదం పొందింది.

1934 బొంబాయి నియమావళి రెండు పెద్ద మార్పులు తెచ్చింది. అధ్యక్షుణ్ణి ప్రతినిధులు నేరుగా ఎన్నుకుంటారు. కార్యవర్గాన్ని అధ్యక్షుడు నియమిస్తాడు. ఐదేళ్ళ తరువాత వచ్చిన సంక్షోభానికి మూలం ఈ రెండు నియమాలలోనే ఉంది.

1939 ఎన్నిక

సుభాష్ చంద్ర బోస్ 1938 హరిపుర మహాసభకు ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడాది త్రిపురి మహాసభకు బోస్, మౌలానా అబుల్ కలాం ఆజాద్, పట్టాభి సీతారామయ్యల పేర్లు ప్రతిపాదనకు వచ్చాయి. గాంధీ, ఇతర సీనియరు నాయకులు ఆజాద్‌ను కోరుకున్నారు. ఆజాద్ 1939 జనవరిలో ఆరోగ్య కారణాలు చెప్పి తప్పుకొని, పట్టాభిని ఎన్నుకొనవలసిందిగా ప్రతినిధులకు సూచించాడు. పట్టాభి కూడా తప్పుకొని ఉండేవాడే గాని గాంధీ ప్రోత్సాహం వలన పోటీలో నిలిచాడు.

బోస్ తాను తప్పుకోబోనని ప్రకటించాడు. ఆయన వాదన ప్రకారం అధ్యక్ష ఎన్నిక వ్యక్తుల మధ్య గాక విధానాల మధ్య జరగాలి. 1935 భారత ప్రభుత్వ చట్టంలోని ఫెడరేషను పథకంపై బ్రిటిషు ప్రభుత్వంతో రాజీ కుదురుతుందేమోనన్న అనుమానం అప్పట్లో వామపక్షంలో బలంగా ఉంది. ఆ పథకాన్ని నిజంగా వ్యతిరేకించే వ్యక్తిని, ఉదాహరణకు ఆచార్య నరేంద్రదేవ్‌ను, అభ్యర్థిగా అంగీకరిస్తే తాను తప్పుకుంటానని బోస్ తెలిపాడు.

దీనికి జవాబుగా జనవరి 24న కార్యవర్గ సభ్యులు ఏడుగురు బార్డోలీ నుండి ఉమ్మడి ప్రకటన విడుదల చేశారు. వల్లభభాయి పటేల్, రాజేంద్రప్రసాద్, జయరాందాస్ దౌలత్‌రాం, ఆచార్య కృపలానీ, జమ్నాలాల్ బజాజ్, శంకరరావు దేవ్, భూలాభాయి దేశాయి దీనిపై సంతకాలు చేశారు. అధ్యక్ష ఎన్నిక ఏకగ్రీవంగా జరగడం సంప్రదాయమనీ, అసాధారణ పరిస్థితులలో తప్ప ఒకే వ్యక్తిని తిరిగి ఎన్నుకోకూడదనీ, విధానాలను నిర్ణయించేది మహాసభే గాని అధ్యక్షుడు కాదనీ వారు వాదించారు. బోస్ పోటీ నుండి తప్పుకొనవలసిందిగా కోరారు. నెహ్రూ ఈ ప్రకటనలో చేరలేదు. కార్యవర్గ సభ్యులు సంఘటితంగా ఒక పక్షం వహించడం న్యాయం కాదని బోస్ బదులిచ్చాడు. ప్రతినిధులకు స్వేచ్ఛగా ఓటు వేసే అవకాశం లేకపోతే ఎన్నిక అనే మాటకు అర్థం ఉండదన్నది ఆయన వాదనలోని సారాంశం.

జనవరి 29న రాష్ట్రాల వారీగా ఓటింగు జరిగింది. బోస్‌కు 1,580, పట్టాభికి 1,377 ఓట్లు వచ్చాయి. బెంగాలు, పంజాబు, సంయుక్త రాష్ట్రాలు, కర్ణాటక బోస్‌కు ఆధిక్యం ఇచ్చాయి. ఆంధ్ర, గుజరాతు, బీహారు పట్టాభి పక్షాన నిలిచాయి. రెండు రోజుల తరువాత గాంధీ ఒక ప్రకటన చేస్తూ, పట్టాభిని తప్పుకోవద్దని చెప్పినవాణ్ణి తానే గనుక ఈ ఓటమి ఆయనకంటే తనదేనని అన్నాడు. దీనితో ఇద్దరు అభ్యర్థుల పోటీ గాంధీ పట్ల విశ్వాసానికి సంబంధించిన ప్రశ్నగా మారింది.

ఫిబ్రవరి 22న కార్యవర్గ సభ్యులలో పన్నెండు మంది రాజీనామా చేశారు. నెహ్రూ విడిగా ప్రకటన చేశాడు. మార్చిలో జబల్పూరు సమీపాన త్రిపురిలో మహాసభ జరిగినప్పుడు బోస్ తీవ్ర జ్వరంతో ఉండి స్ట్రెచరుపై సభకు వచ్చాడు. గాంధీ రాజకోట వ్యవహారంలో ఉండి సభకు రాలేదు. గోవింద వల్లభ పంత్ ప్రతిపాదించిన తీర్మానం కార్యవర్గాన్ని గాంధీ అభీష్టానుసారం నియమించవలసిందిగా అధ్యక్షుణ్ణి కోరింది. కాంగ్రెసు సోషలిస్టు పార్టీ తటస్థంగా ఉండగా తీర్మానం నెగ్గింది. 1934 నియమావళి అధ్యక్షునికి ఇచ్చిన ముఖ్యాధికారం దీనితో ఆచరణలో ఇతరుల చేతికి పోయింది.

కార్యవర్గం గురించి బోస్, గాంధీల మధ్య సాగిన ఉత్తర ప్రత్యుత్తరాలు ఫలించలేదు. ఏకాభిప్రాయం గలవారితోనే కార్యవర్గాన్ని ఏర్పరచుకొమ్మని గాంధీ, రెండు పక్షాలవారూ ఉండాలని బోస్ పట్టుబట్టారు. ఏప్రిల్ 29న కలకత్తాలో బోస్ రాజీనామా చేశాడు. రాజేంద్రప్రసాద్ అధ్యక్షుడయ్యాడు. మే నెలలో బోస్ ఫార్వర్డ్ బ్లాక్‌ను స్థాపించాడు. ఆగస్టులో కాంగ్రెసు ఆయనపై క్రమశిక్షణ చర్య తీసుకొని, మూడేళ్ళపాటు ఎన్నిక ద్వారా వచ్చే పార్టీ పదవులకు అనర్హునిగా ప్రకటించింది.

మరుసటి సంవత్సరం రాంగఢ్ మహాసభకు ఆజాద్ 1,854 ఓట్లతో ఎన్నికయ్యాడు. ప్రత్యర్థి ఎం.ఎన్.రాయ్‌కి 183 ఓట్లు వచ్చాయి. రెండవ ప్రపంచయుద్ధం, క్విట్ ఇండియా అరెస్టుల కారణంగా ఆజాద్ 1946 వరకు పదవిలో కొనసాగాడు.

1946 ఎంపిక

1946లో అధ్యక్ష పదవికి ఎన్నడూ లేని ప్రాముఖ్యం ఏర్పడింది. అధికార బదిలీ సమీపిస్తుండగా కాంగ్రెసు అధ్యక్షుడే తాత్కాలిక ప్రభుత్వానికి నాయకత్వం వహించే అవకాశం ఉంది. 15 రాష్ట్ర సంఘాలలో 12 పటేల్ పేరును సూచించాయని, నెహ్రూ పేరును ఏ రాష్ట్ర సంఘమూ సూచించలేదని పలువురు చరిత్రకారులు రాశారు. గాంధీ నెహ్రూను కోరుకున్నాడు. కార్యవర్గ సభ్యులు నెహ్రూ పేరును ప్రతిపాదించారు. పటేల్, కృపలానీ తప్పుకొనడంతో నెహ్రూ పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. ఆ ఏడాది సెప్టెంబరు 2న ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వానికి ఆయనే నాయకుడయ్యాడు. ఓట్లు లెక్కించకుండానే దేశ చరిత్రపై ప్రభావం చూపిన ఎంపికగా దీనిపై నేటికీ చర్చ జరుగుతూనే ఉంది.

1948, 1950 ఎన్నికలు

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వానికి, పార్టీకి మధ్య సంబంధం కొత్త సమస్య అయింది. ప్రభుత్వం పార్టీ అధ్యక్షుణ్ణి సంప్రదించడం లేదన్న అసంతృప్తితో కృపలానీ 1947 నవంబరులో అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. మిగిలిన కాలానికి రాజేంద్రప్రసాద్ బాధ్యత వహించాడు.

1948లో పట్టాభి సీతారామయ్య మళ్ళీ అభ్యర్థిగా నిలిచాడు. ఉత్తరప్రదేశానికి చెందిన పురుషోత్తమదాస్ టండన్ ప్రత్యర్థి. పట్టాభికి 1,199, టండన్‌కు 1,085 ఓట్లు వచ్చాయి. 114 ఓట్ల ఆధిక్యంతో గెలిచిన పట్టాభి ఆ డిసెంబరులో జైపూరు మహాసభకు అధ్యక్షత వహించాడు. ఇదివరలో బోస్ చేతిలో ఓడిన అభ్యర్థిగానే దేశమంతటా తెలిసిన ఆయనకు ప్రతినిధుల ఓట్లతోనే ఆ పదవి లభించింది.

1950లో పోటీ త్రిముఖమైంది. టండన్‌కు 1,306, కృపలానీకి 1,092, శంకరరావు దేవ్‌కు 202 ఓట్లు పడ్డాయి. మొత్తం 2,600 ఓట్లలో సగం 1,300 గనుక టండన్ కేవలం ఆరు ఓట్లు ఎక్కువగా సంపాదించి మొదటి లెక్కింపులోనే గెలిచాడు. ఆయనకు పటేల్ మద్దతు ఉంది. నెహ్రూకు ఈ ఎంపిక ఇష్టం లేదు. డిసెంబరులో పటేల్ మరణించిన తరువాత విభేదాలు తీవ్రమయ్యాయి. 1951లో నెహ్రూ కార్యవర్గానికి రాజీనామా చేశాడు. సెప్టెంబరులో టండన్ పదవి వదలుకోగా నెహ్రూయే అధ్యక్షుడయ్యాడు. ఓడిన కృపలానీ కాంగ్రెసును వీడి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీని స్థాపించాడు.

ఆంధ్ర రాష్ట్ర సంఘం ఎన్నిక (1951)

రాష్ట్ర స్థాయిలోనూ ఇటువంటి పరిణామమే జరిగింది. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘం అధ్యక్ష పదవికి 1951లో జరిగిన ఎన్నికలో నీలం సంజీవరెడ్డి ఆచార్య ఎన్.జి.రంగాను ఓడించాడు. తరువాత టంగుటూరి ప్రకాశం, రంగా ఇద్దరూ కాంగ్రెసును విడిచారు. ప్రకాశం ప్రజా పార్టీని ఏర్పరచి కృపలానీ పార్టీతో కలిశాడు. రంగా కృషికార్ లోక్ పార్టీని స్థాపించాడు. 1952 సాధారణ ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 375 స్థానాలకు కాంగ్రెసు 152 మాత్రమే గెలిచి ఆధిక్యం కోల్పోయింది. తెలుగు జిల్లాలలోని ఈ చీలిక దానికి గల కారణాలలో ఒకటి.

1977 ఎన్నిక

1951 తరువాత పావు శతాబ్దంపాటు జాతీయాధ్యక్ష పదవికి గట్టి పోటీ జరగలేదు. ప్రధానమంత్రి ఆమోదం గల పేరు ముందుకు రావడం, దానిని అందరూ అంగీకరించడం అలవాటయింది. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య ఈ కాలంలోనే అధ్యక్షులయ్యారు.

అత్యవసర పరిస్థితి అనంతరం 1977 లోక్‌సభ ఎన్నికలలో పార్టీ ఓడిపోగా అధ్యక్షుడు దేవకాంత్ బారువా పదవి వదలుకున్నాడు. మే నెలలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సభ్యులు ఓట్లు వేశారు. కాసు బ్రహ్మానందరెడ్డికి 317, సిద్ధార్థ శంకర్ రేకు 160, కరణ్ సింగ్‌కు 16 ఓట్లు వచ్చాయి. అయితే ఎనిమిది నెలలు తిరగకుండానే, 1978 జనవరిలో, ఇందిరాగాంధీ వర్గం వేరుపడి ప్రత్యేక కాంగ్రెసును ఏర్పరచింది.

తిరుపతి మహాసభ (1992)

1972 తరువాత ఇరవై ఏళ్ళపాటు పార్టీలో సంస్థాగత ఎన్నికలు జరగలేదు. 1991 మేలో రాజీవ్ గాంధీ హత్యానంతరం కార్యవర్గం పి.వి.నరసింహారావును అధ్యక్షునిగా ఎంపిక చేసింది. ప్రధానమంత్రి కూడా అయిన ఆయన మరుసటి సంవత్సరం సంస్థాగత ఎన్నికలు జరిపించాడు. 1992 ఏప్రిల్‌లో తిరుపతిలో జరిగిన మహాసభలో కార్యవర్గంలోని పది స్థానాలకు పోటీ జరిగింది. అర్జున్ సింగ్, శరద్ పవార్ వంటి నాయకులు గెలిచారు. గెలిచినవారిలో దళితులు గాని, గిరిజనులు గాని, మహిళలు గాని లేరని చెప్పి నరసింహారావు ఎన్నికైనవారి చేత రాజీనామాలు చేయించి, కార్యవర్గాన్ని తానే నియమించాడు. సామాజిక న్యాయం కోసం చేసిన పని అని కొందరు, సొంత ఓట్ల బలం గల ప్రత్యర్థులను తగ్గించే ఎత్తుగడ అని మరికొందరు దీనిని వ్యాఖ్యానించారు.

1997, 2000 ఎన్నికలు

నరసింహారావు 1996లో తప్పుకొనగా సీతారాం కేసరి తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు. 1997 జూన్‌లో జరిగిన ఎన్నికలో కేసరికి 6,224, శరద్ పవార్‌కు 882, రాజేష్ పైలట్‌కు 354 ఓట్లు వచ్చాయి. ఇంత ఆధిక్యం వచ్చినా కేసరి తొమ్మిది నెలలు మాత్రమే నిలవగలిగాడు. 1998 మార్చిలో కార్యవర్గం ఆయనను తొలగించి సోనియా గాంధీకి పదవి అప్పగించింది. ప్రతినిధులు ఎన్నుకున్న అధ్యక్షుణ్ణి కార్యవర్గం తొలగించవచ్చునా అన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది.

2000 నవంబరులో సోనియా గాంధీపై ఉత్తరప్రదేశ్ నాయకుడు జితేంద్ర ప్రసాద పోటీ చేశాడు. సోనియాకు 7,448 ఓట్లు, ప్రసాదకు 94 ఓట్లు వచ్చాయి. ఆ తరువాత 22 ఏళ్ళపాటు ఈ పదవికి పోటీ జరగలేదు. 2017 డిసెంబరులో రాహుల్ గాంధీ ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు.

2022 ఎన్నిక

2019 లోక్‌సభ ఎన్నికలలో ఓటమికి బాధ్యత వహించి రాహుల్ గాంధీ రాజీనామా చేయడంతో సోనియా గాంధీ తాత్కాలిక అధ్యక్షురాలయింది. 2020 ఆగస్టులో 23 మంది నాయకులు పూర్తికాల నాయకత్వం, అన్ని స్థాయిలలో సంస్థాగత ఎన్నికలు కోరుతూ ఆమెకు లేఖ రాశారు. రెండేళ్ళ తరువాత ఎన్నిక ప్రకటించారు. గాంధీ కుటుంబ సభ్యులు పోటీ చేయబోమని తెలిపారు.

అభ్యర్థుల నిర్ణయమే ఈసారి కూడా నాటకీయంగా సాగింది. మొదట రాజస్థాన్ ముఖ్యమంత్రి అశోక్ గెహ్లోత్ పేరు వినవచ్చింది. ఆయన స్థానంలో కొత్త ముఖ్యమంత్రిని ఎన్నుకోవడానికి సెప్టెంబరు 25న పిలిచిన శాసనసభాపక్ష సమావేశానికి ఆయన వర్గం సభ్యులు హాజరు కాకపోవడంతో గెహ్లోత్ పోటీ నుండి విరమించాడు. తరువాత వినిపించిన దిగ్విజయ్ సింగ్ కూడా మల్లికార్జున ఖర్గే రంగంలోకి రాగానే తప్పుకున్నాడు. కె.ఎన్.త్రిపాఠి నామినేషను పరిశీలనలో తిరస్కృతమైంది. చివరకు ఖర్గే, శశి థరూర్ మిగిలారు. ఒకరికి ఒకే పదవి అన్న సూత్రాన్ని అనుసరించి ఖర్గే రాజ్యసభలో ప్రతిపక్ష నాయకుని పదవికి రాజీనామా చేశాడు.

ఓటర్ల జాబితాను బహిరంగపరచాలని థరూర్ తదితరులు కోరారు. అభ్యర్థులకు జాబితా చూపించడానికి ఎన్నికల ప్రాధికార సంస్థ అంగీకరించింది. అనేక రాష్ట్రాలలో పార్టీ నాయకులు ఖర్గేకు ఎదురువెళ్ళి స్వాగతం పలుకుతున్నారనీ, తనకు అటువంటి ఆదరణ లేదనీ థరూర్ బహిరంగంగా చెప్పాడు. అక్టోబరు 17న ఓటింగు జరిగింది. భారత్ జోడో యాత్రలో ఉన్నవారి కోసం బళ్ళారి సమీపాన సంగనకల్లులో పోలింగు కేంద్రం ఏర్పాటు చేశారు. ఉత్తరప్రదేశ్, పంజాబ్, తెలంగాణలలో అక్రమాలు జరిగాయని థరూర్ వర్గం ఫిర్యాదు చేసింది. ఎన్నికల ప్రాధికార సంస్థ వాటిని అంగీకరించలేదు. అక్టోబరు 19న వెలువడిన ఫలితాలలో పోలైన 9,385 ఓట్లకు గాను ఖర్గేకు 7,897, థరూర్‌కు 1,072 వచ్చాయి. 416 ఓట్లు చెల్లలేదు. పూర్వపు హైదరాబాదు సంస్థానంలోని బీదరు జిల్లాలో జన్మించిన ఖర్గే అక్టోబరు 26న బాధ్యతలు స్వీకరించాడు.

పోటీ జరిగిన ముఖ్య ఎన్నికల ఫలితాలు

శాతాలు అభ్యర్థులకు వచ్చిన ఓట్ల మొత్తంపై లెక్కించినవి.

* 1939: సుభాష్ చంద్ర బోస్ 1,580, పట్టాభి సీతారామయ్య 1,377. విజేత వాటా 53.4 శాతం.
* 1948: పట్టాభి సీతారామయ్య 1,199, పురుషోత్తమదాస్ టండన్ 1,085. విజేత వాటా 52.5 శాతం.
* 1950: పురుషోత్తమదాస్ టండన్ 1,306; ఆచార్య కృపలానీ 1,092; శంకరరావు దేవ్ 202. విజేత వాటా 50.2 శాతం.
* 1977: కాసు బ్రహ్మానందరెడ్డి 317, సిద్ధార్థ శంకర్ రే 160, కరణ్ సింగ్ 16. విజేత వాటా 64.3 శాతం.
* 1997: సీతారాం కేసరి 6,224, శరద్ పవార్ 882, రాజేష్ పైలట్ 354. విజేత వాటా 83.4 శాతం.
* 2000: సోనియా గాంధీ 7,448, జితేంద్ర ప్రసాద 94. విజేత వాటా 98.8 శాతం.
* 2022: మల్లికార్జున ఖర్గే 7,897, శశి థరూర్ 1,072. విజేత వాటా 88 శాతం.

తెలుగువారైన అధ్యక్షులు

* పనప్పాకం ఆనందాచార్యులు (1891)
* భోగరాజు పట్టాభి సీతారామయ్య (1948)
* నీలం సంజీవరెడ్డి (1960)
* దామోదరం సంజీవయ్య (1962, రెండవసారి 1971)
* కాసు బ్రహ్మానందరెడ్డి (1977)
* పి.వి.నరసింహారావు (1991)

వీరిలో పట్టాభి సీతారామయ్య, బ్రహ్మానందరెడ్డి ఓట్ల లెక్కింపులో ప్రత్యర్థులను ఓడించి ఎన్నికైనవారు. హైదరాబాదులో జన్మించిన సరోజినీ నాయుడు 1925 కాన్పూరు మహాసభకు అధ్యక్షత వహించింది. ఆమె బెంగాలీ కుటుంబానికి చెందినది.

సమీక్ష

ఏకగ్రీవ ఎంపికను సమర్థించేవారు 1939 బార్డోలీ ప్రకటనలోని వాదాన్నే స్థూలంగా అనుసరిస్తారు. పోటీ వర్గాలను పెంచుతుంది, ఓడినవారు పార్టీని వీడుతారు, సంస్థ బలహీనపడుతుంది అన్నది వారి అభిప్రాయం. కృపలానీ, ప్రకాశం, రంగాల నిష్క్రమణ దీనికి ఉదాహరణ. పోటీని సమర్థించేవారు, అభ్యర్థులు తమ విధానాలను ప్రతినిధుల ముందు ఉంచవలసి రావడమే పార్టీకి మేలు అంటారు. పోటీ లేకపోయినా 1907 సూరత్‌లో, 1969లో కాంగ్రెసు చీలిందని వారు గుర్తుచేస్తారు.

ఫలితాలను పరిశీలిస్తే రెండు విషయాలు కనిపిస్తాయి. మొదటిది, 1939, 1948, 1950 ఎన్నికలలో విజేత వాటా సగానికి కొద్దిగా మించి ఉండగా, 1997 నుండి అది 80 శాతానికి పైనే ఉంది. ఫలితం ముందుగానే తెలిసిన పోటీలుగా వీటిని చాలామంది పరిగణించారు. రెండవది, ఓట్లతో గెలవడం పదవిలో నిలవడానికి హామీ కాలేదు. బోస్ మూడు నెలలకే, టండన్ ఏడాదికే, కేసరి తొమ్మిది నెలలకే పదవి కోల్పోయారు. ఈ మూడు సందర్భాలలోనూ వారిని ఎన్నుకున్న ప్రతినిధులందరి అభిప్రాయాన్ని ఓటు ద్వారా మళ్ళీ అడగలేదు. కార్యవర్గం, అగ్రనాయకుల సహకారం లేని అధ్యక్షుడు పనిచేయలేడన్నది ఆచరణలో స్థిరపడిన నియమం.

చట్టపరమైన స్థితి

పార్టీల ఆంతరంగిక ఎన్నికలు ఏ విధంగా జరగాలో నిర్దేశించే సమగ్ర చట్టం భారతదేశంలో లేదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1989 నుండి అమలులోకి వచ్చిన 29ఎ సెక్షను పార్టీల నమోదుకు సంబంధించినది. నమోదైన పార్టీ రాజ్యాంగానికి, ప్రజాస్వామ్య సూత్రాలకు కట్టుబడి ఉంటానని తెలపాలి. తమ నియమావళి ప్రకారం సంస్థాగత ఎన్నికలు జరుపుకొనవలసిందిగా ఎన్నికల సంఘం పార్టీలను కోరుతుంది. అయితే ఇచ్చిన మాట తప్పినందుకు పార్టీ నమోదును రద్దు చేసే అధికారం సాధారణంగా ఎన్నికల సంఘానికి లేదని సుప్రీంకోర్టు 2002లో తీర్పునిచ్చింది.

ఈ ప్రశ్న ఇతర పార్టీలకూ వర్తిస్తుంది. 2022 జూలైలో వైఎస్సార్ కాంగ్రెసు పార్టీ ప్లీనరీ వై.ఎస్.జగన్మోహన్ రెడ్డిని శాశ్వత అధ్యక్షునిగా ఎన్నుకున్నట్లు వార్తలు వచ్చినప్పుడు, పార్టీలో శాశ్వత పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం ఆ సెప్టెంబరులో స్పష్టం చేసింది. ఎన్నికలు నిర్ణీత కాలానికి జరగాలన్న మేరకే ఈ ఆదేశం. అభ్యర్థి ఎవరు కావాలి, ఎలా నిర్ణయించాలి అన్న విషయం మాత్రం ఆయా పార్టీల నియమావళికి, వాటి సభ్యుల జాగరూకతకు విడిచిపెట్టబడి ఉంది.

ఇవి కూడా చూడండి

* భారత జాతీయ కాంగ్రెసు
* భోగరాజు పట్టాభి సీతారామయ్య
* సుభాష్ చంద్ర బోస్
* త్రిపురి మహాసభ
* టంగుటూరి ప్రకాశం
* భారత ఎన్నికల సంఘం